కొట్టివేయని పేరు

వారానికొక్కసారి హెలికాప్టరు.
మిగతా ఆరు రోజులూ ఆకాశం దోమలది.

దిగగానే చీలమండ దాకా బురద.
ఊరి పేరు యోల్వావోమ్.
"వా" అంటే నీళ్ళట ఇక్కడి కోమి మాటలో,
"వోమ్" అంటే నోరట.
వాగూ వానా నోట నానినదాన్ని,
ఆ "వా" దగ్గర కాసేపు ఆగిపోయాను.

ఇరవై ఏడు ఇళ్ళు. పొగ లేచేవి పదకొండు.
ఈ ఊరికి ఎవరూ రారు,
ఈ ఊరి మీదుగా పోతారు.
జూన్ చివర మంచునీళ్ళు తీశాక
పెర్మ్ నుంచీ ఎక్కడెక్కడి నుంచో
పడవల్ని చాపల్లా చుట్టి వీపున మోసుకొచ్చి
ఈ గులకరాళ్ళ రేవులో గాలి నింపుకుని
వెనక్కి చూడకుండా పోతారు.

కపితలీనా మా మూటల్ని కంటితోనే తూచింది.
"ఇది తీసెయ్. ఇదీ తీసెయ్.
మూడో రోజు ఏరు ఎలాగూ లాక్కుంటుంది,
నాకిస్తే కనీసం వాడుకుంటాను."

అప్పుడర్థమైంది ఆ ఊరి వాలకం:
విరిగిన తెడ్లతో కంచె, దానికి బఠాణీ తీగ.
చిరిగిన పడవ కోళ్ళగూటికి కప్పు.
ప్రోకోపి తాత ఒంటిమీద
ఎవరో జర్మన్ కుర్రాడి నారింజరంగు వానకోటు.
కుక్క పేరు గాలిపంపు.
రెండూ ఒకే రోజు రేవులో దొరికాయట.

నా వంతుగా ఇనప దోసెపెనం వదిలాను,
ఎందుకు మోసుకొచ్చానో నాకే తెలీని రెండు కిలోలు.

రాత్రి (రాత్రనడానికి చీకటేదీ,
పదకొండింటికీ గోడమీద ఎండ)
చేప కూరిన రొట్టె పెట్టి
బడిపిల్లల నోటుబుక్కు ముందుకు తోసింది.
"పేరు రాయి. మీ అక్షరాల్లోనే."
రాశాను. కళ్ళజోడు పైకి నెట్టి చూసింది.
"ఇన్ని గాలాలా నీ పేరులో!
చేపలకి కొదవలేదు పో."

పద్ధతి ఒకటే.
దిగువన రైలువంతెన దగ్గర తేలగానే
ఫోన్ చెయ్యాలి. ఆమె పేరు కొట్టేస్తుంది.
ఆ పుస్తకంలో కొట్టేసిన పేరంటే
బతికున్న పేరు.

పేజీలు తిప్పాను. గీతలు, గీతలు, గీతలు.
ఒక్కటి మాత్రం గీత లేకుండా:
ఇగ్నాత్, ఎనభై ఏడు, ఆగస్టు.
గొంతు తగ్గించి అడిగాను, "మునిగిపోయాడా?"
"వాడా! సిక్తివ్‌కర్‌లో గుండ్రాయిలా ఉన్నాడు.
కుర్చీల కొట్టు. ముగ్గురు మనవలు.
ఫోన్ చెయ్యలేదంతే."
"మరి కొట్టెయ్యొచ్చుగా?"
"చెయ్యలేదుగా," అంది.
టీ గ్లాసులో చెంచా తిప్పుతూనే ఉంది,
చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

ఏటి గురించి ఎక్కువ చెప్పను.
రెండుసార్లు బోల్తా పడ్డాం.
భుజాల దాకా నీళ్ళలో నిలబడ్డ దుప్పి ఒకటి
దారితప్పిన దూడల్ని చూసినట్టు మమ్మల్ని చూసింది.

పదో రోజు వంతెన.
ఫోన్‌లో మూడు గీతలు లేచాయి.
మిగతావాళ్ళు ఇళ్ళకి చేసుకుంటున్నారు.
నేను నంబరు సగం నొక్కి ఆగాను.
ఒక్క గీత, దాంతో సరి,
ఆ ఊళ్ళో నేను అయిపోతాను.
చెయ్యకపోతే
ఒకావిడ చూపుడువేలు ప్రతి వేసవీ
నా గాలాల దగ్గర తగులుకుంటుంది.
ఇన్నేళ్ళు ఆ పేజీలో నిలవున్న ఇగ్నాత్‌ని తలుచుకుని
సిగ్గులేకుండా కుళ్ళుకున్నాను.

గూడ్సుబండి వంతెన దాటిపోయింది.
బొగ్గు వ్యాగన్లు నలభై మూడు, లెక్కపెట్టాను.

చేశాను.
"ఆఁ," అంది. వెనకాల గాలిపంపు మొరుగుతోంది.
"నీ పెనం మంచిదే. అంచున అంటుకుంటోంది."
ఉల్లిపాయ సగానికి కోసి రుద్దమన్నాను.
"ఉండు," అంది.
కాగితం మీద పెన్సిలు గీరిన చప్పుడు.
ఉల్లిపాయని రాసుకుందో,
నన్ను కొట్టేసిందో.